నీళ్లతో నాలుగేళ్ల కాపురం: నా కస్టమ్ వాటర్ కూలింగ్ లూప్ సమీక్ష

నన్ను ఈ లూప్ వైపు నెట్టింది వేడి కాదు, చప్పుడు. లూప్ అంటే చిప్పుల వేడిని గొట్టాల్లో తిరిగే నీటితో మోసుకెళ్లి, రేడియేటర్ల దగ్గర గాలికి వదిలే ఏర్పాటు. 105 వాట్ల ప్రాసెసర్, 320 వాట్ల గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌లో రాత్రిళ్లు త్రీడీ రెండరింగ్ చేసుకునేవాణ్ణి. పని మొదలైన రెండు నిమిషాలకే కార్డు మీది మూడు ఫ్యాన్లూ హోరందుకునేవి. నాకు అది చెవిలో జోరీగ. పక్క గదిలో పడుకున్నవాళ్లకు అంతకన్నా ఎక్కువ. తలుపు తెరిచి “ఇంకా ఎంతసేపు?” అని అడిగేవారు.

నాలుగేళ్ల క్రితం ఒక సెలవు రోజున మొదలుపెట్టి, మూడో రోజు రాత్రికి ముగించాను. రెండు రేడియేటర్లూ 360 మిల్లీమీటర్లవే. ఒకటి 30 మిల్లీమీటర్ల మందం, రెండోది 45. డీ5 రకం పంపు, దాని నెత్తినే రిజర్వాయర్, అంటే నీటి తొట్టి. చిప్పు మీద కూర్చుని వేడిని నీటికి అందించేవి, ప్రాసెసర్‌కు ఒకటి, కార్డుకు ఒకటి నికెల్ పూత ఉన్న రాగి బ్లాకులు. గొట్టాలను వీటికి కలిపే పద్నాలుగు ఫిట్టింగులు. బడ్జెట్ వేసుకునే కొత్తవాళ్ల లెక్క తప్పేది ఈ ఫిట్టింగుల దగ్గరే. వేలెడంత ఇత్తడి ముక్కలే కదా అని చివర్న కలుపుకుంటాం. అన్నీ కూడితే పంపు ఖరీదును దాటేశాయి. వీటిలో ఒక సుఖం ఉంది: మర దాదాపు అన్నింటికీ జీ 1/4 కొలతే కాబట్టి ఏ కంపెనీ ఫిట్టింగైనా ఏ కంపెనీ బ్లాకుకైనా పడుతుంది. గొట్టం కొలత మాత్రం ఫిట్టింగుతో సరిపోవాలి. నాది లోపల 10, బయట 16 మిల్లీమీటర్లు.

ముందుగా కొలతలు. గది 26 డిగ్రీలు, రెండు గంటల రెండరింగ్. గ్రాఫిక్స్ చిప్పు మునుపు 76 డిగ్రీల దగ్గర నిలిచేది, ఇప్పుడు 50 దగ్గర ఆగుతుంది. కార్డు మీది మెమరీ నూరు తాకేది, ఇప్పుడు 74 దాటలేదు. ప్రాసెసర్ 82 నుంచి 75కు దిగింది, అంతే. మూడు రోజుల చాకిరీకి ఏడు డిగ్రీలంటే కొండను తవ్వి ఎలుకను పట్టడమే. తర్వాత ఆలోచిస్తే కారణం తెలిసింది. ప్రాసెసర్ చిప్పు చాలా చిన్నది, పైన లోహపు మూత ఉంటుంది. వేడికి ఆ ఇరుకులోంచి బయటపడడమే కష్టం. బయటపడ్డాక ఎదురయ్యేది గాలా, నీళ్లా అన్నది రెండో సంగతి. గ్రాఫిక్స్ చిప్పు పెద్దది, దానికి మూత ఉండదు, బ్లాకు నేరుగా దాని మీదే కూర్చుంటుంది. అందుకే ఫలితమంతా కార్డు దగ్గర కనిపించింది. ప్రాసెసర్ ఒక్కదాని కోసం లూప్ కడతానని ఎవరైనా అంటే, ప్రాసెసర్ మీద బిగించే మంచి ఎయిర్ కూలర్ కొనుక్కుని హాయిగా నిద్రపొమ్మంటాను.

చప్పుడు సంగతికి వస్తే, ఇక్కడ నేను కోరుకున్నదానికన్నా ఎక్కువే దక్కింది. అయితే అది లూప్ కట్టిన రోజున రాలేదు. మొదటి వారం రేడియేటర్ల ఫ్యాన్లను ప్రాసెసర్ ఉష్ణోగ్రతకు ముడిపెట్టి ఉంచాను. బ్రౌజర్ తెరిస్తే చాలు, ప్రాసెసర్ ఒక్క క్షణం పైకి ఎగిసేది, ఆరు ఫ్యాన్లు ఉలిక్కిపడి లేచేవి, మళ్లీ పడుకునేవి. ఇంత ఖర్చు పెట్టి కొనుక్కున్నది ఇదా అని విసుగొచ్చింది. తర్వాత నీటి ఉష్ణోగ్రత కొలిచే చిన్న సెన్సర్ ఒకటి రిజర్వాయర్‌కు బిగించి, ఫ్యాన్లను దానికి అప్పగించాను. నా లూప్‌లో సుమారు లీటరు నీళ్లున్నాయి. 400 వాట్ల వేడి మొత్తం ఆ లీటరులోకే పోతూ, రేడియేటర్లు అసలు పని చేయకపోయినా, నీరు ఒక్క డిగ్రీ వేడెక్కడానికి పది సెకన్లు పడుతుంది. నీటి నిదానమే ఫ్యాన్లకూ అబ్బింది. 30 డిగ్రీల వరకు నిమిషానికి 500 చుట్లు, 40కి చేరితే 900. నిండు పనిలో కూడా నీరు 36 దగ్గర నిలబడుతుంది. మొత్తం లూప్‌లో అతి చౌకైన వస్తువు ఈ సెన్సరే, అతి ఎక్కువ మేలు చేసిందీ ఇదే.

గొట్టాలు ఏ వరుసలో కలపాలన్నది నేను వారం రోజులు కాగితం మీద గీసుకుని బుర్ర పాడుచేసుకున్న విషయం. పంపు, రేడియేటర్, ప్రాసెసర్, మళ్లీ రేడియేటర్, కార్డు, అలా అలా. తీరా లెక్క వేస్తే తేలింది ఇది: నా లూప్‌లో నిమిషానికి మూడు లీటర్లు తిరుగుతాయి. ఆ వేగంలో 400 వాట్ల వేడి మోసినా ఒక కొసకూ మరో కొసకూ మధ్య తేడా రెండు డిగ్రీలకు మించదు. నీరు గిరగిరా తిరుగుతూ తనలో తానే సర్దుకుంటుంది. గొట్టం ఎక్కడ పొట్టిగా, వంపు తక్కువగా ఉంటుందో చూసుకుని అలా కలిపితే చాలు. ఒక్క నియమం మాత్రం తప్పకూడదు: నీరు రిజర్వాయర్ నుంచి నేరుగా పంపులోకి దిగాలి. పంపు పొడిగా తిరిగితే పాడవుతుంది.

నింపిన రోజు భయం ఇంకా గుర్తుంది. మదర్‌బోర్డుకు, కార్డుకు కరెంటు తీగలు పీకేసి, మదర్‌బోర్డు లేకుండానే పవర్ సప్లై నడిచేలా దాని 24 పిన్నుల కనెక్టర్‌కు జంపర్ ప్లగ్గు పెట్టి, పంపు ఒక్కటే తిప్పాను. ప్రతి కీలు కింద తెల్ల కాగితం పరిచాను. ఇరవై నాలుగు గంటలు అలా వదిలేయాలని అందరూ చెప్పే మాటే, నేనూ పాటించాను. ఆరో గంటకు కింది రేడియేటర్ దగ్గర కాగితం మీద రూపాయి బిళ్లంత తడి. విప్పి చూస్తే ఓ-రింగు, అంటే ఫిట్టింగులోని రబ్బరు ఉంగరం, మెలిక పడి నలిగి ఉంది. తప్పు నాదే. లోపల కూర్చుందో లేదో చూడకుండా బిగించాను. ఆ భయంతో మిగతా ఫిట్టింగులను రెంచితో బిగిస్తే అక్రిలిక్ రిజర్వాయర్ మూతకు వెంట్రుకంత పగులు వచ్చింది. మూత మార్చాల్సి వచ్చింది. ఫిట్టింగు దగ్గర నీటిని ఆపేది ఓ-రింగు, బలం కాదు. చేతి వేళ్లతో బిగిస్తే చాలు. ఆ తర్వాత ఈ నాలుగేళ్లలో ఒక్క చుక్క కారలేదు.

డిస్టిల్డ్ వాటర్ విద్యుత్తును పారనివ్వదు కాబట్టి కారినా ఫరవాలేదన్న ధీమా కొందరికి ఉంటుంది. సీసాలో ఉన్నంతవరకే ఆ మాట నిజం. లూప్‌లో పడి లోహాలను కడిగాక దానిలో అయాన్లు చేరుతాయి, బోర్డు మీది దుమ్ము తోడవుతుంది.

అసలు దెబ్బ రెండో ఏడాది తగిలింది. పంపు వేగం మార్చలేదు, అయినా ప్రవాహం నెలనెలా తగ్గుతూ వచ్చింది. ప్రాసెసర్ ఏడు డిగ్రీల లాభం కాస్తా మూడుకు పడిపోయింది. బ్లాకు విప్పాను. లోపల జుట్టంత సన్నని రాగి రెక్కల మధ్య తెల్లటి, జిడ్డుగా ఉన్న మడ్డి పేరుకుని ఉంది. మొదట నాచు అనుకున్నాను. కాదు. అందంగా కనబడుతుందని నేను వేసిన మెత్తని పారదర్శక పీవీసీ గొట్టం చేసిన పని అది. ఆ ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్ వెచ్చని నీటిలోకి మెల్లగా ఊరుతుంది, పోయి సన్నని సందుల్లో కూరుకుంటుంది. గొట్టం కూడా అప్పటికి పాలిపోయి మసకబారింది. మెత్తని పళ్ల బ్రష్షుతో, గోరువెచ్చని నీటితో ఒక పూటంతా రెక్కలు తోముకున్నాను. గొట్టాలన్నీ తీసేసి నల్లటి ఈపీడీఎం రబ్బరు గొట్టం వేశాను. చూడడానికి కారు బానెట్ కింద కనిపించే గొట్టంలా ఉంటుంది. నీళ్ల రంగు కనిపించదు. మరుసటి ఏడాది విప్పితే బ్లాకు అద్దంలా ఉంది.

గట్టి గొట్టాల జోలికి నేను పోలేదు. హీట్ గన్‌తో వంచి మిల్లీమీటరు తేడా లేకుండా కోసుకునే ఓపిక ఉన్నవాళ్ల లూపులు చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ర్యామ్ మార్చాలన్నా గొట్టం అడ్డొస్తుందేమోనని చూసుకోవాల్సిన యంత్రం నాకు పనికిరాదు. రంగు రంగుల పాల వంటి కూలెంట్లు కూడా అంతే. వాటిలో తేలే రేణువులు కొన్నాళ్లకు కింద కూర్చుంటాయి. తుప్పును, నాచును ఆపే మందు కలిపిన రంగు లేని పారదర్శక కూలెంట్ మీదే ఉన్నాను. ఇంకో జాగ్రత్త: రాగి, ఇత్తడి ఉన్న లూప్‌లోకి అల్యూమినియం రేడియేటర్‌ను రానివ్వకండి. ఆ రెండూ ఒకే నీటిలో ఉంటే లూప్ కాస్తా బ్యాటరీ అవుతుంది, అల్యూమినియం కరిగిపోతుంది.

ఏడాదికి ఒకసారి నీళ్లు మార్చాలి. మొదటిసారి కంప్యూటర్‌ను బోర్లించి, పక్కకు వంచి, బకెట్లు మార్చి నడుము పడిపోయింది. రెండోసారికి అన్నింటికన్నా దిగువన ఒక డ్రెయిన్ వాల్వు పెట్టాను. ఇప్పుడు వంచే పని లేదు, గంటన్నరలో తేలిపోతుంది. లూప్ కట్టేవాళ్లు అన్ని భాగాలూ కొని ఈ ఒక్కదాన్ని ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు, మొదట నేనూ వదిలేసినవాణ్ణే అయినా. నింపాక రెండు మూడు రోజులు గాలి బుడగలు వాగులా గలగలమంటాయి. కంప్యూటర్‌ను అటూ ఇటూ కాస్త వంచితే పైకి వచ్చేస్తాయి. గొట్టాల గుండా నీరు ఎంతో కొంత ఆవిరవుతుంది కనుక మధ్యలో ఒకసారి చిన్న గ్లాసుడు పోయాల్సి వస్తుంది. పంపును నేను 60 శాతం వేగం దాటనివ్వను. పూర్తి వేగంలో దాని హోరు క్యాబినెట్ రేకుకు పాకుతుంది, చల్లదనంలో మార్పేమీ ఉండదు.

గత నెల పాత కార్డు అమ్మేసి కొత్తది తెచ్చాను. గ్రాఫిక్స్ బ్లాకు ఒక్క నమూనా కార్డుకే పనికొస్తుందని నాకు ముందే తెలుసు. మర రంధ్రాలు, మెమరీ చిప్పుల చోట్లు, ఎత్తులు అన్నీ మారిపోతాయి. నేను కొన్న నమూనాకు ఎవరూ బ్లాకు చేయడం లేదని మాత్రం కొన్నాకే చూసుకున్నాను. పాత బ్లాకు పాత కార్డుతో పోలేదు. కొన్నవాళ్లు ఒట్టి కార్డే అడిగారు. ఆ బ్లాకు ఇప్పుడు గుడ్డలో చుట్టి సొరుగులో ఉంది. రెండు 360 రేడియేటర్లు కలిసి ఒక్క ప్రాసెసర్‌ను చల్లబరుస్తున్నాయి, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రంలాగా. నీరు గది వేడికన్నా మూడు నాలుగు డిగ్రీలు కూడా మించడం లేదు. కొత్త కార్డు మూడు ఫ్యాన్లు మాత్రం రెండో నిమిషానికే అందుకుంటున్నాయి. నిన్న రాత్రి పక్క గది తలుపు మళ్లీ తెరుచుకుంది.