ఫోన్ రానివ్వని చోట పాత కాసియో

మా ఫ్యాక్టరీలో లైన్ మీదకి ఫోన్ తీసుకెళ్ళకూడదు. కెమెరా ఉన్న వస్తువు ఏదైనా సరే, లాకర్లో పెట్టి వెళ్ళాల్సిందే. ఇక్కడ జపాన్‌లో, ఐచి ప్రిఫెక్చర్‌లో ఆటో పార్టుల పనిలో ఉన్న మనవాళ్ళకి ఇది కొత్తేం కాదు. నాది క్వాలిటీ చెకింగ్. చేతిలో డ్రాయింగ్, డ్రాయింగ్ నిండా కంజీలు (జపనీస్ చిత్రాక్షరాలు), అడుగుదామంటే పక్కవాళ్ళందరూ మిషన్ల దగ్గర బిజీ. నేను ఎలక్ట్రానిక్ డిక్షనరీ కొన్నది ఇందుకే. కెమెరా లేదు, సిమ్ లేదు, నెట్ లేదు. మా లీడర్ అటూ ఇటూ తిప్పి చూసి సరే అన్నాడు.

నా దగ్గరున్నది కాసియో ఎక్స్-వర్డ్, 9800 రకం. నాగోయాలో ఒక సెకండ్ హ్యాండ్ షాపులో 6,600 యెన్లు పడింది. మన డబ్బుల్లో నాలుగు వేల లోపే. కొత్తప్పుడు దాని ధర ఎన్నో రెట్లు ఉండేది.

కొనేవాళ్ళు ముందు చూడాల్సింది మోడల్ నంబరు. ముందుండే అక్షరాలు ఏ ఏడాదిదో చెప్తాయి, చివరి నాలుగు అంకెలు ఎవరి కోసం చేశారో చెప్తాయి. 3800 ఉంటే మిడిల్ స్కూల్ పిల్లలకి, 4800 ఉంటే హైస్కూల్ పిల్లలకి, 7300 అయితే చైనీస్ నేర్చుకునే జపాన్ వాళ్ళకి, 9800 ఇంగ్లీషు మీద బాగా పనిచేసేవాళ్ళకి. షాపుల్లో కుప్పలుగా దొరికేది 4800. చదువు మొదలయ్యేటప్పుడు ఇంట్లోవాళ్ళు కొనిస్తారు, అయిపోగానే పిల్లలు అమ్మేస్తారు. చవకే, కానీ లోపల సగం వాళ్ళ పరీక్షల సరుకు: పాత జపనీస్ నిఘంటువు, ప్రపంచ చరిత్ర, ప్రశ్నల బ్యాంకు. అట్ట మీద వందకి పైగా పుస్తకాలున్నాయని రాసి ఉంటుంది. పెళ్ళి విస్తరిలో ముప్ఫై రకాలు వడ్డించినా మనం కడుపు నింపుకునేది పప్పన్నంతోనే కదా, ఇదీ అంతే.

నేను 9800 కోసం వెతికింది ఒక్క పుస్తకం కోసం. కెన్‌క్యూషా అనే ప్రచురణ సంస్థ వాళ్ళ పెద్ద జపనీస్-ఇంగ్లీష్ నిఘంటువు, 2003లో వచ్చిన అయిదో కూర్పు. మాటలు, జంట మాటలు, ఉదాహరణలు కలిపి 4 లక్షల 80 వేలు. ఫ్యాక్టరీ మాటలు, ఆఫీసు మాటలు, కోర్టు మాటలు అన్నీ ఉంటాయి. జపనీస్-జపనీస్ వైపు కోజియెన్ అనే నిఘంటువు ఉంది. పేరు చాలా పెద్దది. 1955 నుంచి వస్తోంది, 2018 నాటి ఏడో కూర్పులో రెండున్నర లక్షల మాటలున్నాయి. నాది అంతకంటే పాత యంత్రం, అందులో ఉన్నది 2008 నాటి ఆరో కూర్పు. నా మటుకు నాకు అది అంతగా పనికిరాలేదు. కోజియెన్ అర్థాలని పుట్టిన వరసలో ఇస్తుంది, పాతవి ముందు, ఇప్పటివి తర్వాత. లైన్ ఆగిపోయి అందరూ నా వైపు చూస్తుంటే వెయ్యేళ్ళ కిందటి అర్థం నాకెందుకు? దైజిరిన్ అని ఇంకో జపనీస్ నిఘంటువు ఉంది, అది ఇవాళ్టి అర్థం ముందు చెప్తుంది. రెంటిలో ఏదో ఒకటే దొరుకుతుందంటే నేర్చుకునేవాళ్ళకి దైజిరినే మేలు.

ఇక అసలు సంగతి, మాట వెతకడం. మా డ్రాయింగుల్లో పదే పదే వచ్చే మాట ఒకటుంది, కోసా. కొలతలో ఎంత తేడా వరకు ఒప్పుకోవచ్చో అది. మన చెవికి కో దీర్ఘం ఇట్టే తెలుస్తుంది, కానీ కీబోర్డు మీద కె, ఓ, యు, ఎస్, ఏ అని కొట్టాలి. యు మర్చిపోతే వేరే మాటలకి వెళ్ళిపోతుంది. సరిగ్గా కొట్టినా పని అయిపోలేదు. అదే శబ్దానికి జాబితాలో రెండు దారులు కలిసే చోటు, స్కూలు పరీక్ష, వసంతంలో చైనా వైపు నుంచి ఎగిరొచ్చే పసుపు రంగు దుమ్ము, అన్నీ వరసగా నిలబడతాయి. అందుకే నేను కీబోర్డు ముట్టుకోను. కింద చిన్న రాత పలక ఉంది. అందులో పెన్నుతో కంజీ రాస్తాను. మొదటి అక్షరం నాలుగు గీతలు, రెండోది పది. గీతల వరస కాస్త అటూ ఇటూ అయినా పట్టుకుంటుంది, గీతని విరక్కొట్టి రాస్తే మాత్రం ఏదేదో చూపిస్తుంది. రాసిన వెంటనే ఒక్క మాటే తెర మీదకొస్తుంది: లెక్కల్లో అయితే వరస సంఖ్యల మధ్య తేడా, మిషన్ పనిలో అయితే టాలరెన్స్. గ్లవ్ తీయాలి, అదొక్కటే ఇబ్బంది.

మూత తెరిస్తే చాలు, ఇందాక చూసిన మాట దగ్గరే ఆన్ అవుతుంది. రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే నెలల తరబడి వస్తుంది. చార్జ్ చేసే సెల్స్ వాడేట్టయితే సెట్టింగులో రకం మార్చుకోవాలి, లేకపోతే ఎంత మిగిలిందో తప్పుగా చూపిస్తుంది. షార్ప్ కంపెనీ డిక్షనరీ బ్రెయిన్‌లో చార్జింగ్ బ్యాటరీ ఉంటుంది, తెర పూర్తిగా వెనక్కి మడుస్తుంది, రైల్లో ఒంటి చేత్తో పట్టుకుని చదవడానికి బాగుంటుంది. కానీ పాతది కొంటే లోపలి బ్యాటరీ ఎంత అరిగిందో పైకి తెలియదు. నేను కాసియో వైపు మొగ్గింది సగం ఈ సెల్స్ కోసమే.

ఇప్పుడు నచ్చనివి. ఇవి ఒక కంపెనీకి పరిమితం కాదు, ఇక్కడ దొరికే ఈ రకం యంత్రాలన్నీ జపాన్ వాళ్ళ కోసం చేసినవి. ఉదాహరణ వాక్యాల్లో కంజీల మీద ఫురిగానా, అంటే ఎలా చదవాలో చెప్పే చిన్న అక్షరాలు, ఉండదు. ఒక మాట కోసం వెళ్తే ఆ వాక్యంలో ఇంకో మూడు తెలియని కంజీలు ఎదురవుతాయి. జంప్ బటన్ ఉంది కాబట్టి బతికిపోతాం: కర్సర్ పెట్టి నొక్కితే ఆ మాట ఇంకో నిఘంటువులో తెరుచుకుంటుంది. అలా ఒకదాన్నుంచి ఒకదానికి వెళ్ళి మొదట దేనికోసం వచ్చామో మర్చిపోవడం మామూలే. ఇంకోటి, ఉచ్చారణ. అట్ట మీద లక్ష మాటల ఆడియో అని కనిపిస్తే మురిసిపోకండి, అది దాదాపు అంతా ఇంగ్లీషు ఉచ్చారణే. జపనీస్ యాక్సెంట్ కావాలంటే జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వాళ్ళ యాక్సెంట్ నిఘంటువు ఉన్న మోడలే చూసుకోవాలి. ఇక తెలుగు ఊసే ఉండదు. అర్థం ఇంగ్లీషు మీదుగా రావాల్సిందే, కాబట్టి ఇంగ్లీషులో చదివి అర్థం చేసుకోలేనివాళ్ళకి ఈ డబ్బు దండగ.

మా లైన్లో గుంటూరు అమ్మాయి ఒకామె ఉంది, కొత్తగా వచ్చింది. "అక్కా, ఫోన్లో ఫ్రీ యాప్ ఉండగా ఇదెందుకు?" అంది. "లైన్ మీద నీ ఫోన్ ఎక్కడుంది?" అన్నాను. నవ్వేసింది. నిజానికి ఆమె అడిగినదీ న్యాయమే. ఆమె జపనీస్ భాషా పరీక్షలో కింది నుంచి రెండో స్థాయి, ఎన్4కి చదువుతోంది. ఆ స్థాయిలో ఫోన్ యాప్ చాలు, ఇంకా చెప్పాలంటే అదే నయం. ఆస్ట్రేలియాలో జిమ్ బ్రీన్ 1991లో మొదలుపెట్టిన ఉచిత నిఘంటువు డేటా మీదే జిషో, టకోబోటో లాంటి ఆన్‌లైన్, ఫోన్ నిఘంటువులు నడుస్తాయి, వాటిలో ప్రతి మాటకీ చదివే తీరు పక్కనే ఉంటుంది. దాని పై స్థాయి ఎన్3 దాటి, ఫోన్ దొరకని పనిలో ఉంటే అప్పుడు ఇది కొనండి. పరీక్షలో రెండూ వాడనివ్వరు.

వాడినది కొనేటప్పుడు నాలుగు చూసుకోండి. రాత పలక నాలుగు మూలల్లోనూ గీత గీసి చూడాలి, మూలల్లో పట్టకపోతే వదిలేయండి. మూత సగంలో నిలబడుతోందా, కిందికి వాలిపోతోందా? సెల్స్ గదిలో పచ్చని తుప్పు ఉందా? తరచూ వాడే ఎంటర్, బ్యాక్ బటన్లు మెత్తబడ్డాయా? జంక్ అని రాసిన బుట్టలోది అయితే వెనక్కి తీసుకోరు, సెల్స్ జేబులో వేసుకెళ్ళి అక్కడే పెట్టి చూడండి.

తొందరపడాల్సిన పనైతే లేదు గానీ ఒక మాట. సెయికో కంపెనీ 2015లోనే ఈ డిక్షనరీల వ్యాపారం మానేసింది. కాసియో కొత్త మోడళ్ళ రూపకల్పన ఆపినట్టు 2025 మొదట్లో వార్తలొచ్చాయి, ఉన్నవాటి అమ్మకం మాత్రం కొనసాగుతుందని అప్పట్లో చెప్పింది. పెన్ను పోతే దొరకడం కష్టం అవుతుందేమోనని నేను మాత్రం ఇంకో రెండు తీసి పెట్టుకున్నాను.