19 అడుగుల రెండు బోట్లు: అవుట్‌బోర్డా, స్టెర్న్‌డ్రైవా?

రెండూ 19 అడుగుల ఫైబర్‌గ్లాస్ పెట్రోల్ బోట్లే. పట్టే మనుషుల్లోనూ పెద్ద తేడా లేదు. అవుట్‌బోర్డ్‌కి ఇంజన్ మొత్తం వెనక పలకకి బయట బిగించి ఉంటుంది, స్టెర్న్‌డ్రైవ్‌కి ఇంజన్ లోపల, ప్రొపెల్లర్‌ని తిప్పే డ్రైవ్ బయట. ఏళ్ల తరబడి రెండూ వాడాక తేలిందేమిటంటే, కొనేవాళ్ల కళ్లు సీట్ల మీదే ఉంటాయి గానీ జేబుకి చిల్లు పెట్టేది వెనకున్న సరంజామా.

స్టెర్న్‌డ్రైవ్ మీద కూర్చుంటే హాయి, అది ఒప్పుకోవాలి. చప్పుడు తక్కువ. వెనక ఈతమెట్టు వెడల్పుగా, అడ్డం లేకుండా ఉంటుంది. స్కీ లాగడానికి ఇదే నయం. చిక్కంతా బెలోస్ దగ్గర. ఈ రబ్బరు గొట్టాలు పగిలితే నీళ్లు యూ-జాయింట్లకీ (ఇంజన్ నుంచి డ్రైవ్‌కి తిప్పుడు అందించే వంగే కీళ్లు), ఆ షాఫ్ట్‌ని మోసే గింబల్ బేరింగ్‌కీ చేరతాయి, ముదిరితే బోటులోకే వస్తాయి. స్టీరింగ్ తిప్పినప్పుడు గరగరమంటే బేరింగ్ పోతున్నట్టే. బోటు నిలిపి ఉంచే రోజుల్లో డ్రైవ్ కిందికి దించి పెడితే రబ్బరు మడతపడి ఉండదు. స్టార్ట్ చేసే ముందు బ్లోయర్ (ఇంజన్ గదిలోని గాలిని బయటికి తోసే ఫ్యాన్) కనీసం 4 నిమిషాలు నడవాలి, లోపల పెట్రోల్ ఆవిరి ఉంటే పేలుతుంది. ఇందులో బద్ధకం పనికిరాదు.

అవుట్‌బోర్డ్‌ని నీళ్లలోంచి పైకి లేపేయొచ్చు. ఉప్పునీళ్లలో తిప్పేవాళ్లకి ఈ ఒక్కటే చాలు. తిరిగొచ్చాక ఇంజన్ లోపలి నీటి దారుల్ని మంచినీళ్లతో 10 నిమిషాలు కడగాలి. ఇంజన్ నడిచేటప్పుడు పక్కనుంచి వచ్చే నీటిధార సన్నబడితే ముందు ఆ రంధ్రంలో చెత్త తీయండి, అప్పటికీ రాకపోతే ఇంపెల్లర్ (ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లని తోడే పంపులోని రబ్బరు చక్రం) చూడండి. గేర్ ఆయిల్ సుమారు 100 గంటలకోసారి మార్చాలి. కింది స్క్రూ తీసి, తర్వాత పైది తీస్తే పాత నూనె కారిపోతుంది. కొత్తది కింది రంధ్రంలోంచే ఎక్కించాలి, పైనుంచి పోస్తే గాలి చిక్కుకుంటుంది. పైన పొంగగానే ముందు పై స్క్రూ, తర్వాత కిందిది, రెంటికీ కొత్త వాషర్లు. పాత నూనె పాలలా తెల్లగా వస్తే సీల్ పోయిందని అర్థం.

అడుగుభాగం వాలు, అంటే కింద V ఆకారం ఎంత కోణంలో ఉందో, కూడా చూడాలి. వెనక దగ్గర 20 డిగ్రీలుంటే అలల్ని చీల్చుకుపోతుంది కానీ, నిలిపినప్పుడు ఊగుతుంది, ఇంధనమూ ఎక్కువ తాగుతుంది. ప్రశాంతమైన చెరువుకి 15 చాలు.

ట్రయల్ రన్‌కి మామూలుగా ఎక్కించే బరువంతా ఎక్కించండి. ఫుల్ థ్రాటిల్‌లో ఇంజన్ పుస్తకంలో రాసిన ఆర్పీఎం అందకపోతే ప్రొపెల్లర్ పిచ్ (ఒక్క చుట్టులో అది ముందుకి వెళ్లాల్సిన దూరం, అంగుళాల్లో) తగ్గించాలి. ఒక అంగుళానికి దాదాపు 150 నుంచి 200 ఆర్పీఎం తేడా వస్తుంది.

ఉప్పునీళ్లకైతే నా ఓటు అవుట్‌బోర్డ్‌కే. మంచినీళ్లలో స్కీయింగే ముఖ్యమైతే స్టెర్న్‌డ్రైవ్ తీసుకోండి, బెలోస్ ఖర్చు ముందే లెక్కేసుకుని. పాత బోటైతే, ఏ రకమైనా సరే, వెనక పలకని చిన్న సుత్తితో తట్టి చూడండి. ఖంగుమనకుండా డబడబమంటే లోపలి చెక్క కుళ్లి ఉండొచ్చు, బేరం ఆపి నిపుణుడికి చూపించండి.