గాజులు బ్యాంకులో పెట్టిన రెండేళ్ళ ఎనిమిది నెలలు: గోల్డ్ లోన్ మీద నా రివ్యూ

మా చెల్లెలి కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు. మొన్న వాళ్ళ కంపెనీలో తీసేసిన వాళ్ళలో వీడి పేరు కూడా ఉంది. ఫోన్ చేసి, "పెద్దమ్మా, యాప్‌లో నొక్కితే ఇంటికే వచ్చి బంగారం తీసుకుని లోన్ ఇస్తారట, తీసుకోనా?" అన్నాడు. వాడికి గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. నేను పెట్టింది హనుమకొండలో, మా ఇంటికి దగ్గర్లోని ఒక ప్రభుత్వ బ్యాంకు బ్రాంచిలో. బ్యాంకు పేరు రాయను, ఎందుకంటే తిట్లు కూడా ఉన్నాయి.

నేను ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్‌ని. 2020 మార్చిలో బడి మూశారు. ఏప్రిల్, మే సగం జీతం ఇచ్చారు. జూన్ నుంచి అదీ లేదు. మా ఆయనది కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపు. కాలేజీయే లేకపోతే జిరాక్స్ ఎవరికి? మా తెలుగు సార్ తోపుడు బండి మీద మామిడికాయలు అమ్మాడు. ఇద్దరు టీచర్లు ఉపాధి హామీ పనికి వెళ్ళారు, అప్పట్లో రోజుకు 237 రూపాయలు. ఆ ఏప్రిల్-జూన్ మూడు నెలల్లో దేశం ఆదాయం 23.9 శాతం పడిపోయిందని ఆగస్టు చివర్లో టీవీలో చెప్పారు. నవంబర్‌లో ఇక దీన్ని మాంద్యం అనాల్సిందే అన్నారు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ వాడలేదు. "పాల ప్యాకెట్ ఒకటి చాల్లే" అనేవాళ్ళం, అంతే.

ఇంటి లోన్ వాయిదాలు కొన్నాళ్ళు ఆపుకోవచ్చని రిజర్వు బ్యాంకు ఇచ్చిన మారటోరియం ఆగస్టు 31తో అయిపోయింది. (కట్టని ఆ నెలలకూ వడ్డీ పెరుగుతూనే ఉందని తర్వాత స్టేట్‌మెంట్ చూస్తే తెలిసింది. వాయిదా ఆగింది కానీ వడ్డీ ఆగలేదు.) సెప్టెంబర్ వాయిదా ఎదురుగా కనిపించాకే బీరువా తెరిచాను. అమ్మ పెట్టిన నాలుగు గాజులు, నా పెళ్ళినాటి రాళ్ళహారం తీశాను. పుస్తెలతాడు ముట్టుకోవద్దని మా అత్తమ్మ ముందే చెప్పింది. చెప్పకపోయినా తీసేదాన్ని కాదు.

ముందు సేటు దుకాణం దగ్గర అడిగాను. నూటికి రెండు రూపాయలన్నాడు. అంటే ఏడాదికి 24 శాతం. కాగితాలేమీ అడగడు, పది నిమిషాల్లో డబ్బు చేతిలో పెడతాడు. బ్యాంకులో ఏడున్నర శాతం, కానీ ఉదయం పదిన్నరకు వెళ్తే మధ్యాహ్నం రెండయింది. అప్రైజర్ అని, బంగారానికి విలువ కట్టే ఒక పెద్దాయన వస్తాడు, ఆయనది మూడు బ్రాంచీల డ్యూటీ. ఆయన వచ్చేదాకా మాస్కు వేసుకుని బెంచీ మీద కూర్చోవాలి. తెలిసినవాళ్ళు కనిపిస్తే లాకర్ పని మీద వచ్చానని ఒకరికి, పాస్‌బుక్ ప్రింటింగ్ అని ఇంకొకరికి చెప్పాను. మూడో ఆవిడ సంచిలోంచి ఎర్ర నగల డబ్బా తొంగి చూస్తోంది. ఇద్దరం మాస్కుల కింద నవ్వుకున్నాం.

ఆ పెద్దాయన పని మాత్రం చూడదగ్గది. గాజు అంచును గీటురాయి మీద గీసి, యాసిడ్ చుక్క వేసి, ఆ గీత రంగు చూసి 22 క్యారెట్లని చెప్పేశాడు. నాలుగు గాజులు 40 గ్రాములు. హారం 31 గ్రాములు తూగింది కానీ రాళ్ళకు, లోపలి లక్కకు ఎనిమిదిన్నర గ్రాములు తీసేశాడు. నాకు ఒళ్ళు మండింది. కొన్న రోజు షాపువాడు ఆ రాళ్ళను బంగారం బరువులోనే కలిపి డబ్బు తీసుకున్నాడన్న సంగతి పద్దెనిమిదేళ్ళ తర్వాత బ్యాంకు తక్కెడ చెప్పింది. గాజులు పెట్టండి, రాళ్ళ నగలు పెట్టకండి అని మా చెల్లెలి కొడుక్కి చెప్పిన మొదటి మాట ఇదే.

మిగిలింది 62.5 గ్రాములు. గ్రాముకు 3,500 ఇస్తామన్నారు. ఆగస్టులో బంగారం పది గ్రాములు 56 వేలు దాటింది, పైగా బ్యాంకులు విలువలో 75 శాతం బదులు 90 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు ప్రకటించింది. నేను పేపర్ కటింగ్ పట్టుకునే వెళ్ళాను. "అది ఇవ్వొచ్చు అన్నారు మేడం, ఇవ్వాలి అనలేదు" అన్నాడు ఆఫీసర్. వ్యాకరణం తెలిసిన మనిషి. రెండు లక్షలు తీసుకుని, లోపల తిట్టుకుంటూ ఇంటికొచ్చాను.

మా సైన్స్ సార్ నాకంటే తెలివైనవాడు. గ్రాముకు ఎక్కువ ఇచ్చే ఇంకో బ్యాంకు వెతుక్కున్నాడు. 2021 మార్చి వచ్చేసరికి పది గ్రాముల ధర 45 వేల దిగువకు జారింది. బంగారం విలువ కంటే అప్పు పెరిగిపోయేలా ఉందనీ, తేడా కట్టకపోతే వేలం వేస్తామనీ ఆయనకు ఉత్తరం వచ్చింది. కట్టడానికి జీతం ఏది? ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు ఇచ్చిన 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం మా అందరికీ పెద్ద ఆసరాయే, కానీ దాంతో ఆ తేడా కట్టలేం కదా. చివరికి బావమరిది దగ్గర చేబదులు తీసుకుని వేలం ఆపుకున్నాడు. నాకు ఉత్తరం రాలేదు. ఆ ఆఫీసర్ నాకు తక్కువ ఇచ్చి మేలు చేశాడని అప్పుడు అర్థమైంది. కావాలని చేశాడో, పై నుంచి వచ్చిన రూలో నాకు తెలీదు.

ఇక తిట్లు. ఇది ఏడాది లోన్. నెలనెలా కట్టే పని లేదు, గడువుకి అసలు, వడ్డీ కలిపి ఒకేసారి కట్టాలి. హాయిగా అనిపిస్తుంది, మోసపోయేది అక్కడే. 2021 సెప్టెంబర్‌లో వడ్డీ 15 వేలు కట్టి తిరగరాయించుకున్నాను. మళ్ళీ తూకం, మళ్ళీ అప్రైజర్ ఫీజు, మళ్ళీ బెంచీ. గడువు గుర్తుచేసే మెసేజ్ ఇంగ్లిష్‌లోనే వస్తుంది, మా అత్తమ్మ లాంటి వాళ్ళు దాన్ని రీచార్జ్ మెసేజ్ అనుకుంటారు. 2022లో వడ్డీతో పాటు అసలులో 60 వేలు కట్టాను. అప్పటికి రేటు ఎనిమిదిన్నర అయింది. 2023 మేలో మిగతాది తీర్చేశాను. అంతా కలిపి వడ్డీ దాదాపు 38 వేలు. అదే లెక్క సేటు రెండు రూపాయలకి వేసి చూశాను: లక్షా 18 వేలు.

అసలు కోపం చివరి రోజుది. డబ్బంతా కట్టాక నగలు ఇవ్వలేదు. బంగారం ఉన్న గదికి రెండు తాళాలు, ఇద్దరు ఆఫీసర్ల దగ్గర ఒక్కొక్కటి. అందులో ఒకరు సెలవు. నాలుగు రోజులు తిరిగాను. మేనమామ కూతురి పెళ్ళికి రోల్డ్ గోల్డ్ గాజులతోనే వెళ్ళాను. 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు తెచ్చింది: అప్పు తీరాక ఏడు పనిరోజుల్లో నగలు ఇవ్వాలి, వాళ్ళ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి. 2026 ఏప్రిల్ 1 లోపు అందరూ అమలు చేయాలని గడువు పెట్టింది. రెండున్నర లక్షల లోపు లోన్లకు విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చని కూడా అందులోనే ఉంది. మొదటి దానికి సంతోషం. రెండోదానికి మాత్రం, పది గ్రాములు లక్ష దాటిన ఈ రోజుల్లో, సైన్స్ సార్ ఉత్తరమే గుర్తొస్తోంది.

మార్కులు అడిగితే ఐదుకి మూడున్నర. తూకం, వడ్డీ దగ్గర పూర్తి మార్కులు. మెసేజ్‌లకు సున్నా.

మా వాడికి యాప్ వద్దన్నాను. వాళ్ళమ్మ గాజులు రెండు చాలు, ఆర్నెల్ల ఖర్చుకే తీసుకోమన్నాను, గడువు తేదీ క్యాలెండర్ మీద వాళ్ళమ్మ చేత రాయించమన్నాను. వెళ్ళేముందు తూకం ఇంట్లో రాసుకోండి, నగల ఫోటోలు తీసుకోండి. ఆధార్ జిరాక్స్ రెండు కాపీలు పట్టుకెళ్ళండి, అక్కడ మిషన్ ఎప్పుడూ పాడే. మా బ్రాంచిలో అయితే పదకొండు లోపు వెళ్ళాలి. రెండు దాటితే పెద్దాయన ఇంకో బ్రాంచికి వెళ్ళిపోతాడు.