9 డిగ్రీలని అలారం, లోపలేమో మంచుగడ్డలు: కౌంటర్ కింది మందుల ఫ్రిజ్, రెండేళ్లు వాడాక

ఈ ఫ్రిజ్ గురించి చెప్పాలంటే దాని అలారం గురించే చెప్పాలి. ఎన్ని లీటర్లు, ఎన్ని అరలు, తలుపు ఎటు తెరుచుకుంటుంది, ఇవన్నీ కంపెనీ వాళ్లు రాసిపెట్టినవే. మళ్లీ నేను రాయక్కర్లేదు. మా క్లినిక్‌లో ఇన్సులిన్, టీకాలు, చల్లగా ఉంచాల్సిన కంటి చుక్కలు దీంట్లోనే ఉంటాయి. దాని బాధ్యత నాది. రెండేళ్లు దాటింది, రోజూ ఆ తలుపు తీస్తూ వేస్తూనే ఉన్నాను.

నా కోపమంతా ఒక్క విషయం మీదే. తలుపు సరిగ్గా పడకపోయినా బీప్, లోపల వేడెక్కినా బీప్, కరెంటు పోయినా బీప్, సెన్సర్ తెగినా బీప్. అన్నిటికీ ఒకటే మోత, ఒకటే ఎర్ర లైటు. డిస్‌ప్లే మీద చిన్న కోడ్ ఒకటి మెరుస్తుంది, మ్యూట్ నొక్కగానే అదీ పోయి మళ్లీ ఉష్ణోగ్రత అంకె వచ్చేస్తుంది. రద్దీ వేళలో ఎవరో ఒకరు వచ్చి మ్యూట్ నొక్కి వెళ్లిపోతే, తర్వాత వచ్చిన మనిషికి ఇందాక మోగింది ఎందుకో తెలిసే దారే లేదు. ఇది చిన్న ఇబ్బంది. పెద్దది ఇంకొకటి ఉంది, దాన్ని వివరంగా చెప్తాను.

కొన్న మొదటి ఏడాది ఇదే అలారాన్ని నేను తెగ మెచ్చుకున్నాను. ఒకసారి మధ్యాహ్నం పూట మోగితే చూశాను, 9 చూపిస్తోంది, ఉండాల్సింది 8 లోపు. కంప్రెసర్ దగ్గర ప్రతి కొద్ది నిమిషాలకీ 'టక్' మని శబ్దం, తర్వాత నిశ్శబ్దం, మళ్లీ 'టక్'. కౌంటర్ కింద పెట్టే ఫ్రిజ్‌కి వెనకాల గాలి ఆడే చోటుండదు. అందుకే వేడంతా ముందు వైపు కింది జాలీలోంచి బయటికొచ్చేలా చేస్తారు. ఆ జాలీ వెనక వేడిని బయటికి వదిలే గొట్టాల చుట్ట, అంటే కండెన్సర్ కాయిల్ నిండా దూది, దుమ్ము పేరుకుని ఉంది. వేడి బయటికి పోయే దారి లేక కంప్రెసర్ కాగిపోతోంది, దాన్ని కాపాడే ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ ఆపేస్తోంది, చల్లారాక మళ్లీ మొదలవుతోంది. ప్లగ్గు తీసి, మెత్తటి బ్రష్షుతో దులిపి, వాక్యూమ్ పెట్టి లాగేశాం. సాయంత్రానికి 5కి వచ్చింది. మందులకేమీ కాలేదు. ఆ అలారం లేకపోతే మర్నాటి దాకా తెలిసేది కాదు. అడిగినవాళ్లందరికీ ఈ ఫ్రిజ్ కొనమని అప్పట్లో చెప్పాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకోను కానీ, దానికి ఒక షరతు కలుపుతున్నాను.

ఆ షరతు ఎందుకో చెప్పే సంగతి రెండో ఏడాదిలో జరిగింది. పొద్దున్నే అలారం, మళ్లీ అదే 9. ముందు జాలీ చూశాను, శుభ్రంగా ఉంది. తలుపు రబ్బరు మధ్యన కాగితం ముక్క పెట్టి మూసి లాగి చూశాను, చుట్టూ బిగువుగానే పట్టుకుంటోంది. కంప్రెసర్ ఆగకుండా నడుస్తోంది, లోపలి ఫ్యానూ తిరుగుతోంది. తలుపు తీసేసరికి చేతికి తగిలిన చలి మాత్రం 9 డిగ్రీలది కాదు. ఖాళీ జాగాలో చలి నిలవడానికి నీళ్ల సీసాలు పెడతాం కదా, కింది అరలోది బయటికి తీస్తే చప్పుడు లేదు. రాయిలా గడ్డకట్టి, ఉబ్బి ఉంది. డిస్‌ప్లే మీద మాత్రం 9 అలాగే మెరుస్తోంది.

ఫ్రిజ్‌తో సంబంధం లేని డిజిటల్ థర్మామీటర్ ఒకటి తెచ్చి మధ్య అరలో పెట్టి తలుపు వేశాను. కాసేపటికి మైనస్ 7 దగ్గర నిలబడింది. మందులు ఉండాల్సింది 2కీ 8కీ మధ్య.

ఇప్పుడు ఈ ఫ్రిజ్ మాన్యువల్ ఏమంటుందో చూడండి. ఎక్కువ ఉష్ణోగ్రత అలారం వస్తే ఏం చేయాలో ఒక పట్టిక ఉంది. తలుపు చూడండి, జాలీ చూడండి, అవి బాగుంటే సెట్టింగ్ తగ్గించండి అంటుంది. ఆ మాట విని సెట్టింగ్ తగ్గిస్తే మైనస్ 7 కాస్తా మరింత కిందికి పోతుంది. వేడిగా ఉందని యంత్రమే చెప్పి, దాన్ని ఇంకా చల్లబరచమని దాని పుస్తకమే సలహా ఇస్తోంది. అసలు జబ్బేమో అతి చలి. నాకు ఒళ్లు మండింది ఇక్కడే.

ఫోన్ చేస్తే మొదట ఒక మెకానిక్ వచ్చాడు. తలుపు తీసి చూడకుండానే డిస్‌ప్లే వంక చూసి, "గ్యాస్ అయిపోయింది మేడమ్, ఎక్కించాలి" అన్నాడు. ఫ్రిజ్‌లో గ్యాస్ వాడేకొద్దీ తరిగిపోయే వస్తువు కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. ఆ లీకు పట్టకుండా ఎక్కిస్తే మళ్లీ పోతుంది. పైగా గ్యాస్ తగ్గిన ఫ్రిజ్‌లో లోపల చల్లబరిచే కాయిల్ మొదట్లో కొంత మేర మాత్రమే మంచు పట్టి మిగతాది వట్టిగా ఉంటుంది, కంప్రెసర్ రోజంతా నడిచినా లోపల చలి చాలదు. ఇక్కడ అన్ని అరల్లోనూ నీళ్లు గడ్డకట్టాయి. గడ్డకట్టిన సీసా అతని చేతికిచ్చి, గ్యాస్ లేకపోతే ఇది ఎలా అయింది బాబూ అని అడిగాను. జవాబు లేదు. ఈ ఫ్రిజ్‌లో ఉన్నది ఆర్600ఎ, అంటే ఐసోబ్యూటేన్, మండే గ్యాస్. దానికి తగ్గ పరికరాలు, శిక్షణ లేనివాళ్లు ఆ గొట్టాల జోలికి వెళ్లకూడదు. అతన్ని పంపించేశాం.

అతను వెళ్లాక నేనొక పరీక్ష పెట్టాను. ఎవరైనా చేయగలిగిందే కాబట్టి చెప్తున్నాను. మంచును పొడిగా దంచి గ్లాసు నిండా వేసి, సందుల్లోకి నీళ్లు పోసి బాగా కలిపితే ఆ నీళ్లు 0 డిగ్రీల దగ్గర ఉంటాయి. మంచు మిగిలి ఉన్నంతసేపూ అక్కడే ఉంటాయి. ముందు థర్మామీటర్ ముంచాను, 0 దగ్గరే చూపించింది, అంటే దాన్ని నమ్మొచ్చు. తర్వాత వెనక గోడ మీద ప్లాస్టిక్ మూత వెనకున్న ఫ్రిజ్ సెన్సర్‌ని క్లిప్ నుంచి వదులు చేసి, వైరు అందినంత మేర ముందుకు లాగి, అదే గ్లాసులో ముంచాను. డిస్‌ప్లే మీద అంకె ఎక్కుతూ ఎక్కుతూ 13 దగ్గర ఆగింది. మంచునీళ్లను 13 డిగ్రీలంటోంది! ఇంక అనుమానానికి చోటెక్కడ?

రెండోసారి వచ్చిన మెకానిక్ పని తెలిసినవాడు. నేను చెప్పింది విని, ప్లగ్గు తీయించి, ఫ్రిజ్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు దగ్గర సెన్సర్ కనెక్టర్ విప్పి మల్టీమీటర్ పెట్టాడు. సెన్సర్ కొన ఇంకా ఆ మంచునీళ్లలోనే ఉంది. ఈ సెన్సర్లు చల్లబడేకొద్దీ నిరోధం, అంటే కరెంటుని అడ్డుకునే గుణం, పెరిగే రకం. దీంట్లో ఉన్నది 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓములు ఉండేది, 0 దగ్గర 27 రావాలి. మీటర్ మీద 16 వచ్చింది. సెన్సర్ కొనని వెలుతురులో తిప్పి చూపించాడు. నల్లటి పూత మీద వెంట్రుకంత చీలిక. గోడ మీద చెమ్మ పట్టడం, గడ్డకట్టడం, కరగడం ఇలా జరిగి జరిగి ఆ చీలికలోంచి తేమ లోపలికి పోయిందన్నాడు. తేమ దారిన కూడా కరెంటు కొంత పారుతుంది కాబట్టి నిరోధం తగ్గినట్టు కనిపిస్తుంది. నిరోధం తగ్గితే బోర్డు లెక్కలో వేడి పెరిగినట్టు. అందుకే అది కంప్రెసర్‌ని ఆపకుండా నడిపింది.

మరి సెన్సర్ పాడైందన్న కోడ్ ఎందుకు రాలేదని అడిగాను. వైరు తెగితే నిరోధం అంతూపొంతూ లేకుండా పోతుంది, షార్టయితే సున్నాకి పడిపోతుంది. ఈ రెండూ అసాధ్యమైన విలువలు కాబట్టి బోర్డు గుర్తుపట్టి ఈ1 అని చూపిస్తుంది. 16 కిలో ఓములు మాత్రం 13 డిగ్రీల దగ్గర మామూలుగా వచ్చే విలువే. తప్పు చెప్తోందని బోర్డుకి తెలిసే మార్గం లేదు. సరే, మరి 2 కంటే కిందికి పోతే మోగాల్సిన తక్కువ ఉష్ణోగ్రత అలారం? అదీ ఈ సెన్సర్ మాట మీదే ఆధారపడింది. కంప్రెసర్‌ని నడిపేదీ, వేడి అలారం మోగించేదీ, చలి అలారం మోగించేదీ, లోపలి మెమరీలో రోజువారీ గరిష్ఠం కనిష్ఠం రాసేదీ అన్నీ ఒక్కటే సెన్సర్. కాపలావాడూ వాడే, సాక్షీ వాడే. నా కోపం ఇదీ.

దీని పర్యవసానం మందుల మీద పడింది. చెమ్మ పట్టడం ఒక్కరోజులో జరిగేది కాదు. మొదట రెండు డిగ్రీల తేడా, తర్వాత నాలుగు, అలా పెరిగి ఉంటుంది. డిస్‌ప్లే మీద 5 కనిపించిన రోజుల్లోనే లోపల సున్నా దాటి కిందికి పోయి ఉండొచ్చు. ఎప్పట్నుంచి అన్నది మెమరీలో వెతికితే అక్కడున్నవన్నీ ఆ సెన్సర్ చెప్పిన అంకెలే. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉన్నా వాడకూడదు. హెపటైటిస్ బి, టెటనస్ లాంటి అల్యూమినియం లవణం కలిపిన టీకాలు ఒకసారి గడ్డకడితే పని చేయవు. టీకా గడ్డకట్టిందేమో చూడ్డానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే షేక్ టెస్ట్ ఉంది. కావాలని గడ్డకట్టించి కరిగించిన అదే బ్యాచ్ సీసానీ, అనుమానమున్న సీసానీ ఒకేసారి కుదిపి, దేంట్లో మందు త్వరగా అడుగున పేరుకుంటుందో చూస్తారు. ఇన్సులిన్‌కి అదీ వర్తించదు. అన్నిటికీ 'వాడరాదు' చీటీ అంటించి పక్కన పెట్టి, పైవాళ్లకి చెప్పి, పారేశాం. ఫ్రిజ్‌లో పోయింది మాత్రం ఒక చిన్న సెన్సర్, దాని ఖరీదు ఈ నష్టం పక్కన లెక్కలోకే రాదు.

సెన్సర్ మార్చే ముందు ఆయన ఇంకో దారి కూడా ఉందన్నాడు. సర్వీస్ మెనూలో ఆఫ్‌సెట్ అని ఉంటుంది, చూపించే అంకెలోంచి కొన్ని డిగ్రీలు తీసేయొచ్చు. కానీ తడిసిన సెన్సర్‌కి అది పెట్టొద్దని ఆయనే అన్నాడు, నాకూ నచ్చింది. తేమ లోపల ఉన్నంతకాలం తేడా ఒకచోట నిలవదు. ఇవాళ సరిపోయిన ఆఫ్‌సెట్ వారానికి మళ్లీ తప్పుతుంది, ఈసారి అలారం కూడా మోగదు.

కొత్త సెన్సర్ పెట్టాక మళ్లీ మంచునీళ్లలో ముంచితే 0. అప్పట్నుంచి బాగానే నడుస్తోంది. చల్లదనానికి ఇప్పటికీ వంక పెట్టలేను. కాకపోతే వెనక గోడని ఆనుకుని పెట్టినవి మధ్య అర కంటే ఎప్పుడూ చల్లగా ఉంటాయి, అక్కడ టీకాలు పెట్టం. శబ్దం తక్కువే, కానీ ఆ నెమ్మది ఫ్యాన్ వల్లే తలుపు ఎక్కువసార్లు తీసిన రోజు లోపల సర్దుకోడానికి చాలాసేపు పడుతుంది. కరెంటు పోతే మోగే బ్యాటరీ రెండో ఏడాదికే నీరసపడింది. ప్లగ్గు తీసి మోగుతుందో లేదో చూస్తే తప్ప ఆ సంగతి బయటపడదు, డిస్‌ప్లే ఏమీ చెప్పదు.

ఇప్పుడు మధ్య అరలో గ్లైకాల్ అనే ద్రవం ఉన్న సీసాలో ముంచిన ప్రోబుతో విడిగా ఒక డేటా లాగర్, అంటే ఉష్ణోగ్రతని తనంతట తానే రాసుకునే పరికరం ఉంది. తలుపు తీసిన ప్రతిసారీ గాలి వేడికి ఎగరకుండా మందు సీసా లోపలి ఉష్ణోగ్రతకి దగ్గరగా చూపించడానికి ఆ గ్లైకాల్. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ వాళ్లు టీకాల ఫ్రిజ్‌లకి ఇలాంటి లాగరే ఉండాలనీ, కనీసం 30 నిమిషాలకోసారి రాసుకోవాలనీ అంటారు. అలారం మోగితే మ్యూట్ నొక్కకముందే కోడ్ చూసి కాగితం మీద రాయడం, తర్వాత లాగర్ చూడడం, ఇదీ మా పద్ధతి. లాగర్, డిస్‌ప్లే రెండూ ఎక్కువే చూపిస్తే తలుపు, జాలీ, ఫ్యాన్, ఆ వరసలో వెళ్తాం. రెండూ విడిపోతే మాత్రం సెట్టింగ్ ముట్టుకోం, మందులు వేరేచోటికి మార్చి గ్లాసులో మంచు వేస్తాం.

కొనొచ్చా అంటే, మీరేం పెడతారన్నదాన్ని బట్టి ఉంటుంది. నీళ్ల సీసాలు, కూల్‌డ్రింకులు పెట్టేవాళ్లకి ఇది మంచి ఫ్రిజ్. ఒకసారి గడ్డకట్టినా పోయేదేమీ లేదు. మాలాగా మందులు పెట్టేవాళ్లయితే కొనేముందు ఒక్కటి అడగండి: కంప్రెసర్‌ని నడిపే సెన్సర్, అలారానికి వాడే సెన్సర్ వేరువేరా, ఒకటేనా అని. వేరుగా ఉండే మోడళ్లు దొరుకుతాయి. మా కౌంటర్ కింద కొలతకి అవి పట్టలేదు కాబట్టి మేం దీన్నే ఉంచుకున్నాం, లాగర్‌తో కలిపి. లాగర్ పెట్టే ఉద్దేశం లేకపోతే మాత్రం మందుల కోసం దీన్ని తీసుకోమని నేను చెప్పను.