లూడెన్‌డార్ఫ్ స్టోర్ కీపరా? జర్మన్ సైనిక పదవులకు ఇంగ్లీషులో ఏ మాట మేలు

మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1916 ఆగస్టు 29న హిండెన్‌బర్గ్ జర్మన్ జనరల్ స్టాఫ్‌కు, అంటే యుద్ధ వ్యూహం నడిపే సైనిక కార్యాలయానికి, అధిపతి అయ్యాడు. ఆయన వెంట వచ్చిన జనరల్ లూడెన్‌డార్ఫ్‌కు దక్కిన పదవి పేరు 'ఎర్‌స్టర్ గెనెరాల్‌క్వార్టియర్‌మైస్టర్'. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని మక్కీకి మక్కీ దించి 'ఫస్ట్ క్వార్టర్‌మాస్టర్ జనరల్' అంటాయి. ఇంగ్లీషులో క్వార్టర్‌మాస్టర్ అంటే బూట్లు, దుప్పట్లు, రేషన్ చూసుకునేవాడు. లూడెన్‌డార్ఫ్ నడిపింది యుద్ధాన్ని. 'రెండో చీఫ్' అని పిలుస్తామంటే వద్దని ఈ పేరు ఎంచుకున్నది కూడా ఆయనే. కొత్త పాఠకుడికి మాత్రం నడుముకు గోదాము తాళాలు కట్టుకున్న మనిషి కనిపిస్తాడు.

పోనీ, ఆ మాట వచ్చిన ప్రతిచోటా 'డిప్యూటీ చీఫ్' అని రాసేద్దామా? అక్కడా చిక్కే. రెండో ప్రపంచ యుద్ధంలో గెనెరాల్‌క్వార్టియర్‌మైస్టర్‌గా ఉన్న ఎడ్వార్డ్ వాగ్నర్ నిజంగానే సరఫరాలు చూశాడు. మాట ఒకటే, పాతికేళ్ల తేడాలో పని వేరు.

మనకిది కొత్త కాదు. మొదటి ఆసఫ్ జా దక్కన్ సుబేదారు, అంటే ఒక పెద్ద రాజ్యభాగానికి పాలకుడు. నేటి సైన్యంలో సుబేదార్ జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్. రెండింటికీ ఒకే ఇంగ్లీషు మాట వేస్తే ఎవరో ఒకరికి అన్యాయం జరిగినట్టే.

అందుకే నా లెక్కలో పదవి వేరు, ర్యాంకు వేరు. పదవిని ఆ ఏడాది ఆ మనిషి చేసిన పనిని బట్టి అనువదించాలి. ర్యాంకును జర్మన్‌లోనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట సమానమైన హోదా ఏదో చెప్పేస్తే చాలు.

ర్యాంకుల్లో అసలు గొయ్యి 'గెనెరాల్‌లాయిట్‌నాంట్'. చూడగానే లెఫ్టినెంట్ జనరల్ అనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 ఫిబ్రవరిలో లిబియాలోని ట్రిపోలీలో దిగేనాటికి జర్మన్ సేనాని రోమెల్ ర్యాంకు ఇదే. కానీ అప్పటి జర్మన్ సైన్యంలో బ్రిగేడియర్ మెట్టు లేదు, జనరళ్ల నిచ్చెన మేజర్ జనరల్ పేరుతోనే మొదలయ్యేది. 1945 మార్చిలో అమెరికా యుద్ధశాఖ తన సైనికుల కోసం అచ్చేసిన చేతిపుస్తకం ఒక మెట్టు దించి, గెనెరాల్‌లాయిట్‌నాంట్‌ను మేజర్ జనరల్‌కు సమానంగా చూపింది. నేటి జర్మన్ సైన్యంలో బ్రిగేడియర్ మెట్టు వచ్చింది కాబట్టి అదే మాటను ఇప్పుడు లెఫ్టినెంట్ జనరల్ అంటే సరిపోతుంది. ఇన్ని తిరకాసులు ఉన్నప్పుడు జర్మన్ మాటను కదపకపోవడమే క్షేమం.

'రిట్‌మైస్టర్' సంగతి ఇంకా తమాషా. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎర్ర విమానం నడిపిన జర్మన్ పైలట్ రిష్టోఫెన్ ర్యాంకు అది. 'రైడింగ్ మాస్టర్' అంటే గుర్రపుస్వారీ నేర్పే పంతులు అయిపోతాడు. 'కెప్టెన్' అంటే ఆయన అశ్వికదళం నుంచి వచ్చాడన్న సంగతి మాయమవుతుంది. 'కావల్రీ కెప్టెన్' అర్థానికి సరైనదే, కానీ విమానంలో కూర్చున్నవాణ్ణి అలా పిలుస్తుంటే గుర్రం ఏదని పాఠకుడు వెతుక్కుంటాడు.

జర్మన్ మాటను ఉంచేయడం అన్నిచోట్లా కుదరదు. ఓడకో కోటకో అధిపతి కొమాండాంట్, బెటాలియన్‌కో డివిజన్‌కో అయితే కొమాండోయర్, అంతకన్నా పెద్ద బలగానికి బెఫేల్స్‌హాబర్. ఇంగ్లీషులో ఈ ముగ్గురూ 'కమాండర్లే'. పేజీకి నాలుగుసార్లు బెఫేల్స్‌హాబర్ అని చదవాలంటే ఎవరికైనా విసుగు. ఇక్కడ కమాండర్ అనేసి, పక్కన ఓడో డివిజనో చెబితే పని జరిగిపోతుంది.

నాకు తేలనిది ఒక్కటే, 'హౌప్ట్‌ఫెల్డ్‌వేబెల్'. హిట్లర్ కాలపు సైన్యంలో ఇది ర్యాంకు కాదు, కంపెనీ (బెటాలియన్‌లో ఒక భాగమైన దళం) క్రమశిక్షణ, కాగితాల పని చూసే పదవి. చేతి అంచున రెండు పట్టీలు, వాటికి సిపాయిలు పెట్టిన పేరు 'పిస్టన్ రింగులు'. కోటు గుండీల మధ్య దోపుకున్న నోట్‌బుక్. ఎవడు ఏ తప్పు చేసినా అందులోకి ఎక్కాల్సిందే. అయినా ఆయన్ని 'కంపెనీకి అమ్మ' అనేవారు. బ్రిటిష్ పాఠకులకు 'కంపెనీ సార్జెంట్ మేజర్' అని, అమెరికన్లకు 'ఫస్ట్ సార్జెంట్' అని రాస్తాను. అమ్మ సంగతి, నోట్‌బుక్ సంగతి మాత్రం పక్కన ఇంకో వాక్యంలో చెప్పుకోక తప్పదు.