బల్లార్షా వైపు హీట్ రేట్ టెస్టు సర్వీసు: మీటర్లు భేష్, బొగ్గు సంచీ దగ్గరే చిక్కు

బల్లార్షా, రాజురా, ఘుగుస్ చుట్టుపక్కల సొంత కరెంటు ప్లాంట్లు నడుపుకునే ఫ్యాక్టరీలకు వచ్చి, బాయిలర్, టర్బైన్ ఎఫిషియెన్సీ, హీట్ రేట్ (ఒక యూనిట్ కరెంటుకి ఖర్చయ్యే వేడి, కిలో కేలరీల్లో) కొలిచి రిపోర్టు ఇచ్చే ఒక టీమ్ పనితనం మీద ఈ రివ్యూ. 30 మెగావాట్ల స్థాయి బొగ్గు ప్లాంటుకి రెండు రోజుల పని. మార్కులు అయిదుకి మూడున్నర. తగ్గిన ఒకటిన్నరలో ఎక్కువ భాగం బొగ్గు శాంపిల్ వల్లే.

టెస్టుకి ముందు చేయించే సర్దుబాటు చాలా బాగుంది. సూట్ బ్లోయింగ్ (ట్యూబుల మీది మసి ఊదేయడం) ముందే ముగించి, లోడు కనీసం ఓ గంట కదలకుండా నిలిచాకే రీడింగులు మొదలుపెడతారు. బాయిలర్ నీటిని కొంత బయటికి వదిలే బ్లోడౌన్ వాల్వు మూయిస్తారు. డ్రమ్ము, డీఎరేటర్, హాట్‌వెల్ అనే తొట్లలో నీటి లెవెళ్ళు మొదట్లో ఎంత ఉన్నాయో చివరికీ అంతే ఉండేలా చూస్తారు. టీమ్‌లో తెలుగు, మరాఠీ రెండూ వచ్చినవాళ్ళున్నారు కాబట్టి, ఏ వాల్వు ఎందుకు మూయాలో షిఫ్టు ఆపరేటర్‌కి సూటిగా చెప్పగలుగుతున్నారు. ఇది చిన్న విషయం కాదు. సగం టెస్టులు చెడేది ఎవరో మధ్యలో వాల్వు తిప్పడం వల్లే.

పొగలో ఆక్సిజన్ కొలిచే గ్యాస్ ఎనలైజర్ వాడకం కూడా మెచ్చుకోదగ్గదే. ముందు బయటి గాలిలో పెట్టి 20.9 శాతం చూపిస్తోందా అని సరిచూస్తారు. నీరు పట్టే గిన్నె ఖాళీ చేస్తారు. పొగ వెళ్ళే డక్టులో ఒక్కచోట గొట్టం దూర్చి ఊరుకోకుండా వెడల్పూ లోతూ పంచుకుని పన్నెండు చోట్ల కొలుస్తారు. ఎయిర్ ప్రీహీటర్‌కి (బయటికి పోయే పొగ వేడితో లోపలికి వచ్చే గాలిని వేడిచేసేది) ముందూ వెనకా విడిగా కొలవడం అసలు మేలు. ముందు ఆక్సిజన్ 4 శాతం, వెనక 7 శాతం వచ్చిందనుకోండి. తేడా 3ని, 21లోంచి 7 తీసేస్తే మిగిలే 14తో భాగించి 90తో గుణిస్తే ప్రీహీటర్‌లో పొగలోకి గాలి లీకు సుమారు 19 శాతం. వెనకనున్న 7నే ఫర్నేస్‌ది అనుకుంటే మిగులు గాలి (బొగ్గు కాలడానికి అవసరమైనదానికి మించినది) 50 శాతం అని లెక్క తేలుతుంది, నిజానికి ఉన్నది 24 లోపే. ఆ తప్పు లెక్క నమ్మి ఫర్నేస్‌లోకి గాలి తోసే ఎఫ్‌డీ ఫ్యాన్ తగ్గిస్తే బూడిదలో కాలని కార్బన్ పెరుగుతుంది, ప్రీహీటర్ ట్యూబుల చిల్లులు మాత్రం అలాగే ఉంటాయి.

ఇక బొగ్గు. బాయిలర్‌కి బొగ్గు అందించే ఫీడర్ దగ్గర అరగంటకోసారి శాంపిల్ తీస్తున్నారు, అంతవరకూ సరే. కానీ తీసినదాన్ని గోనెసంచీలో పోసి, మూతి కట్టకుండా సాయంత్రం దాకా షెడ్డు పక్కన ఉంచుతున్నారు. చంద్రపూర్ ఎండలో అది ఆరిపోతుంది. ఆరితే ఏమవుతుందో అంకెల్లో చూడండి. ఎనిమిది గంటల్లో 175 టన్నులు కాలి 224 మెగావాట్ అవర్లు తయారయ్యాయనుకుందాం. ల్యాబులో గాలికి ఆరిన బొగ్గు వేడి విలువ కిలోకి 4200 కిలో కేలరీలు, అందులో తేమ 6 శాతం. ఫీడర్ దగ్గర మొత్తం తేమ 14 శాతం అయితే, బాయిలర్‌లోకి వెళ్ళిన బొగ్గు అసలు విలువ కోసం 4200ను 86తో గుణించి 94తో భాగించాలి, అంటే 3843. దాన్ని 175తో గుణించి 224తో భాగిస్తే హీట్ రేట్ 3002, 860ని ఆ 3002తో భాగిస్తే ఎఫిషియెన్సీ 28.6 శాతం. సంచీలో ఆరి తేమ 9కి దిగితే విలువ 4066 అవుతుంది, హీట్ రేట్ 3177కి ఎగబాకుతుంది, ఎఫిషియెన్సీ 27.1 శాతానికి పడిపోతుంది. ప్లాంటులో ఏమీ మారలేదు. ఒకటిన్నర పాయింటు సంచీలో పోయింది. ఆ ఒకటిన్నర కోసం టర్బైన్ విప్పించిన మేనేజ్‌మెంటుకి తర్వాత ఏమని చెప్తారు?

కాబట్టి వర్క్ ఆర్డర్‌లోనే రాయించుకోండి: తేమ శాంపిల్ తీసిన వెంటనే రెండు పొరల పాలిథిన్ కవర్లో కట్టి సీలు వేయాలి, బరువు అక్కడే తూచాలి, సగం శాంపిల్ ప్లాంటు ల్యాబులోనే ఉండాలి. బెల్టు మీద వెళ్ళే బొగ్గు బరువు తూచే బెల్టు వెయ్యర్‌ని టెస్టు రోజు ఉదయమే, బరువు తెలిసిన టెస్టు చెయిన్ వేసి సరిచూడమనండి. వాళ్ళంతట వాళ్ళు అది చేయరు, అడిగితే చేస్తారు.

రిపోర్టులో ఒక లోటుంది. అంకెలన్నీ జీసీవీ (బొగ్గు కాలితే వచ్చే మొత్తం వేడి విలువ) ఆధారంగానే అని స్పష్టంగా రాస్తారు, సంతోషం. కానీ కొలిచిన హీట్ రేట్ ఒక్కటే ఇస్తారు, డిజైన్ పరిస్థితులకు సవరించిన అంకె ఇవ్వరు. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, కూలింగ్ నీరు వేడెక్కి కండెన్సర్ వాక్యూమ్ తగ్గుతుంది, దాంతో హీట్ రేట్ పెరుగుతుంది. దాన్ని డిసెంబరు అంకెతో పక్కపక్కన పెడితే పోలిక కుదరదు. టర్బైన్ కంపెనీ ఇచ్చిన కరెక్షన్ కర్వులు (పరిస్థితి మారితే అంకె ఎంత మారుతుందో చూపే గ్రాఫులు) మీ దగ్గర ఉంటే ముందే వాళ్ళ చేతిలో పెట్టండి. లేకపోతే రెండో టెస్టు కూడా అదే నెలలో పెట్టించుకోండి.