‘జీరో డౌన్‌టైమ్’ మెయిన్‌ఫ్రేమ్ బ్యాకప్ కొంటున్నారా? ముందు జేసీఎల్ (జాబుకి రాసే ఆదేశాలు) చూపించమనండి

బ్యాంకుల్లో, ఇన్సూరెన్స్ కంపెనీల్లో మెయిన్‌ఫ్రేమ్ (లావాదేవీలన్నీ నడిపే పెద్ద కంప్యూటర్) స్టోరేజ్ చూసుకునేవాళ్లకీ, కొనుగోలు ఫైళ్లు నడిపేవాళ్లకీ ఈ హెచ్చరిక. ‘సిస్టమ్ ఒక్క నిమిషం కూడా ఆపక్కర్లేదు, ఆన్‌లైన్ నడుస్తుండగానే బ్యాకప్ అయిపోతుంది’ అని ఒక ప్యాకేజీ అమ్మారు, మావాళ్లు కొన్నారు. బ్యాకప్ నిజంగానే ఏదీ ఆపకుండా అయిపోయేది. అవసరం పడిన రోజున రీస్టోర్ మాత్రం పనికిరాలేదు. మా లీగల్ వాళ్లు నోటీసుల దశలో ఉన్నారు కాబట్టి వెండర్ పేరు రాయను. వాళ్లు వాడిన కిటుకు తెలిస్తే చాలు, ఎవరు తెచ్చినా మీరు పట్టేస్తారు.

నెలాఖరున వడ్డీ బ్యాచ్ తప్పు పారామీటర్‌తో రెండుసార్లు నడిచి ఖాతాల వీశామ్ (ఇండెక్స్‌తో రికార్డులు దాచే ఐబీఎం ఫైలు పద్ధతి) మాస్టర్ ఫైలు చెడింది. ఇలాంటివి ఏ షాపులోనైనా జరుగుతాయి, బ్యాకప్ కొనేదే అందుకు. పైవాళ్లు ముందుగా అడిగింది డీఆర్ సైటులోని (ప్రమాదం జరిగితే ఆదుకునే రెండో కేంద్రం) మిర్రర్ గురించి. మెట్రో మిర్రర్, అంటే ప్రతి రాతనూ వెంటనే రెండో డిస్కు బాక్సులోనూ రాసే ఏర్పాటు, డిస్కు బాక్సు పోతే ఆదుకుంటుంది. ప్రోగ్రామ్ తప్పు రాస్తే ఆ తప్పును కూడా అప్పటికప్పుడే అవతలి వైపు రాసేస్తుంది. మా విషయంలోనూ రెండు వైపులా రెండుసార్లు వేసిన వడ్డీయే ఉంది. సరే అని ముందురోజు రాత్రి బ్యాకప్‌లోంచి ఫైలును వెనక్కి తెచ్చారు. రీస్టోర్ జాబు చక్కగా ముగిసింది. వీశామ్ ఫైళ్లను చూసుకునే ఐడీక్యామ్స్ టూలులో ఎగ్జామిన్ (ఫైలు సవ్యంగా ఉందో లేదో చూసే ఆదేశం) కొడితే మాత్రం తెర నిండా ఎర్రర్లే. ఇండెక్స్‌కీ డేటాకీ పొంతన లేదు, కొన్ని ఖాతాలు రెండు చోట్ల ఉన్నాయి, కొన్ని అసలే లేవు.

అప్పుడు బ్యాకప్ జాబు సిస్‌ప్రింట్ (జాబు మెసేజ్‌లు పడే రిపోర్టు) తిరగేశాం. ఆ ప్రోడక్టుకి పైన రంగురంగుల డ్యాష్‌బోర్డు ఉంది గానీ, లోపల పని చేసేది మనందరికీ తెలిసిన ఐబీఎం కాపీ, బ్యాకప్ టూలు డీఎస్ఎస్సే. వెండర్ టూలు తయారుచేసిన జేసీఎల్‌లోని కంట్రోల్ కార్డులో (డీఎస్ఎస్‌కి ఇచ్చే ఆదేశం) ఒక చిన్న మాట ఉంది: టాలరేట్ ఎన్‌క్యూఎఫ్. తెలియనివాళ్ల కోసం చెప్తాను. డీఎస్ఎస్ ఒక ఫైలును డంప్ (బ్యాకప్ కాపీ) చేసేముందు దాని మీద ఎన్‌క్యూ, అంటే లాక్ లాంటిది, తీసుకోవాలి. ఆన్‌లైన్ ట్రాన్సాక్షన్లు నడిపే సాఫ్ట్‌వేర్ సీఐసీఎస్ ఆ ఫైలును అప్‌డేట్ కోసం తెరిచి ఉంచితే ఆ ఎన్‌క్యూ దొరకదు. మామూలుగా అయితే ఏడీఆర్ 412ఈ అని ఎర్రర్ ఇచ్చి ఆ ఫైలును వదిలేస్తుంది, తెల్లారేసరికి ఆపరేటర్‌కి తెలిసిపోతుంది. టాలరేట్ పెడితే ఎన్‌క్యూ దొరకకపోయినా కాపీ చేసేసి, ఏడీఆర్ 411డబ్ల్యూ అని ఒక వార్నింగ్ పడేసి, రిటర్న్ కోడ్ 4తో (సున్నా అంటే అంతా సవ్యం, 4 అంటే వార్నింగ్ ఉంది అని) ముగిస్తుంది.

కాపీ నడుస్తుండగా సీఐసీఎస్ రాస్తూనే ఉంటుంది. ఒక కంట్రోల్ ఇంటర్వల్ (ఫైలులో రికార్డులు ఉండే ఒక గడి) నిండి స్ప్లిట్ అయితే అందులోని కొన్ని రికార్డులు వేరే చోటికి పోతాయి. కాపీ అప్పటికే ఆ చోటు దాటిపోయి ఉంటే ఆ రికార్డులు తప్పిపోతాయి, ఇంకా అక్కడికి చేరకపోతే రెండుసార్లు పడతాయి. జాతరలో జనం కదులుతుండగా తలలు లెక్కపెట్టడం లాంటిది. వాళ్ల ‘జీరో డౌన్‌టైమ్’ టెక్నాలజీ మొత్తం ఈ ఒక్క కీవర్డే! దీనికి ఏడాదికి అంత లైసెన్సు ఫీజా అని మా సిస్టమ్స్ ప్రోగ్రామర్ ఒకాయన నవ్వాలో ఏడవాలో తెలియక కూర్చున్నాడు.

డ్యాష్‌బోర్డులో మాత్రం రోజూ పచ్చరంగే. కోడ్ 4ని వాళ్లు సక్సెస్ కింద లెక్కేశారు. గట్టిగా నిలదీస్తే ఒప్పందంలో అనుబంధం తీసి చూపించారు: ‘రిటర్న్ కోడ్ 4 లేదా అంతకు తక్కువతో ముగిసిన జాబు విజయవంతమైన బ్యాకప్‌గా పరిగణించబడును.’ రీస్టోర్ గురించి అందులో ఒక్క వాక్యం లేదు. ఆ తర్వాత వాళ్ల సపోర్టు నుంచి వచ్చిన ప్రతి మెయిల్‌దీ ఒకటే పాట, ‘ఇది మీ అప్లికేషన్ సమస్య.’

ప్రతి ఆదివారం రాత్రి సీఐసీఎస్ ఆపి తీసే పాత బ్యాకప్‌ను ఆపేయమని వెండర్ చెప్పినా మా సీనియర్ ఒకాయన పట్టుబట్టి కొనసాగించారు. చివరికి గట్టెక్కించింది అదే. దాన్ని లోడ్ చేసి, అక్కణ్నుంచి బ్యాచ్‌లన్నీ వరసగా మళ్లీ నడిపి, ఆన్‌లైన్ ఎంట్రీలను బ్రాంచీల వోచర్లతో సరిచూసుకోవాల్సి వచ్చింది. కౌంటర్లు తెరిచేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ ఉదయం బ్రాంచి మేనేజర్ల ఫోన్లు, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

సిస్టమ్ ఆపకుండా మంచి బ్యాకప్ తీయడం అసాధ్యమేమీ కాదు. ఐబీఎం డేటాబేస్ డీబీ2 వాళ్లు ఎన్నో ఏళ్లుగా తీస్తున్నారు. షేర్‌లెవెల్ ఛేంజ్‌తో, అంటే అప్‌డేట్లు ఆపకుండా, ఇమేజ్ కాపీ (టేబుళ్ల బ్యాకప్) తీస్తే అదీ కదులుతున్న డేటాకి తీసిన కాపీయే. కానీ రికవర్ చేసేటప్పుడు లాగ్ (జరిగిన ప్రతి మార్పు నమోదు) వచ్చి తేడాలన్నీ సరిచేస్తుంది. అంటే లాగ్ లేకపోతే ఆ కాపీకి విలువ లేదు. ఇక్కడా మా వెండర్ ఒక ఘనకార్యం చేశాడు. ఇమేజ్ కాపీలు నెల రోజులు ఉంచి, టేపు ఖర్చు తగ్గించామని గొప్ప చెప్పుకోవడానికి ఆర్కైవ్ లాగ్‌లను (దాచి ఉంచిన పాత లాగ్‌లు) అంతకన్నా ముందే ఎక్స్‌పైర్ చేసే పాలసీ పెట్టాడు. డేటాబేస్ చూసుకునే మా డీబీఏ చూసి ఆపించింది కాబట్టి సరిపోయింది. వీశామ్‌కి కూడా దారి ఉంది. బ్యాకప్ వైల్ ఓపెన్ (ఫైలు తెరిచి ఉండగానే బ్యాకప్) సౌకర్యం పెట్టి, ఫైలుకి ఫార్వర్డ్ రికవరీ లాగ్ (బ్యాకప్ తర్వాతి మార్పుల నమోదు) ఆన్ చేసి, ఆ లాగ్‌ను తిరిగి అప్లై చేసే టూలు దగ్గర పెట్టుకోవాలి. ఈ మూడింట్లో ఏది లేకపోయినా వీశామ్‌కి ఆన్‌లైన్ బ్యాకప్ అనే మాట నమ్మకండి.

ఫ్లాష్‌కాపీ, అంటే డిస్కు బాక్సే లోపల తీసే కాపీ, చూపించి మురిపించేవాళ్లూ ఉంటారు. మంచి టెక్నాలజీయే, క్షణాల్లో ఆ సమయానికి ఉన్న రూపాన్ని పట్టేస్తుంది. అయితే డేటా చాలా వాల్యూముల (డిస్కుల) మీద పరుచుకుని ఉంటే అన్నీ ఒకే క్షణానికి చెందాలి. అందుకోసం కన్సిస్టెన్సీ గ్రూపుగా తీస్తూ రాతలను కొద్దిసేపు ఫ్రీజ్ చేయాలి. ఆ కాసేపు ట్రాన్సాక్షన్లు నిలబడతాయి. ‘కొన్ని సెకన్లు ఆగుతుంది సార్’ అని నిజం చెప్పే సేల్స్ మనిషిని నేను నమ్ముతాను, పూర్తిగా సున్నా అనేవాణ్ని నమ్మను. ఇంకోటి, స్థలం ఆదా అంటూ నోకాపీ పద్ధతి (డేటా మొత్తం కాపీ చేయకుండా వదిలేయడం) పెడితే టార్గెట్ వాల్యూము అసలు వాల్యూము మీదే ఆధారపడి ఉంటుంది, అసలుది పోతే అదీ పోయినట్టే. పూర్తి కాపీ చేసినా అది అదే బాక్సులో ఉంటుంది. అక్కణ్నుంచి టేపుకో, వర్చువల్ టేపుకో, మరో ఊరికో పంపాకే దాన్ని బ్యాకప్ అనాలి.

ధర విషయంలోనూ కళ్లు తెరిచి ఉండండి. మాకు టెరాబైట్ల లెక్క చెప్పి, ఒప్పందంలో ఎమ్‌ఎస్‌యూ, అంటే మెషీన్ సామర్థ్యం, లెక్క పెట్టారు. రేపు మెషీన్ పెంచితే, బ్యాకప్ సైజు పెరగకపోయినా బిల్లు పెరుగుతుంది. పైగా వాళ్ల కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌తో జరిగేది, సరిగ్గా రాత్రి బ్యాచ్ జోరులో ఉన్నప్పుడే సీపీయూని తినేది. రోలింగ్ ఫోర్ అవర్ యావరేజ్ (గడిచిన నాలుగు గంటల సగటు వాడకం) మీద నెలవారీ లైసెన్సు కట్టే షాపులకి ఆ దెబ్బ ఐబీఎం బిల్లులో కనిపిస్తుంది. ఐబీఎం జెడ్15 మెషీన్ నుంచి కంప్రెషన్ చిప్‌లోనే ఉంది, దాన్ని వాడతారా లేదా అని రాతపూర్వకంగా అడగండి.

ప్రతిపాదన మీద ‘ఆర్‌బీఐ కంప్లయెంట్’ అని ముద్ర కొట్టుకొస్తారు. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ ఐటీ గవర్నెన్స్ ఆదేశాలు బ్యాకప్ తీయడంతో సరిపెట్టుకోమనలేదు. తీసినదాన్ని అప్పుడప్పుడు రీస్టోర్ చేసి పనికొస్తుందో లేదో చూడమన్నాయి, కీలకమైన సిస్టమ్‌లకు కనీసం ఆరు నెలలకోసారి డీఆర్ డ్రిల్ చేయమన్నాయి. ఆడిటర్‌కి జవాబు చెప్పాల్సింది వెండర్ కాదు, మీరు.

కాబట్టి డెమోలో బ్యాకప్ చూపిస్తే చూడకండి. మీ సొంత టెస్ట్ ఎల్‌పార్‌లో (మెయిన్‌ఫ్రేమ్‌లో విడిగా కేటాయించిన భాగం), సీఐసీఎస్ లోడు నడుస్తుండగా బ్యాకప్ తీయించి, దాన్ని మరో చోట రీస్టోర్ చేయించి, ఎగ్జామిన్ కొట్టించి, రికార్డుల లెక్క సరిపోల్చాకే పీఓ (కొనుగోలు ఆర్డరు) ఇవ్వండి. ఒప్పందంలో సక్సెస్ అంటే రీస్టోర్ అయి అప్లికేషన్ తెరుచుకోవడమే అని రాయించండి. వెండర్ దానికి నసిగితే మాట్లాడటం అక్కడితో ఆపేయండి.

ఇప్పటికే ఇలాంటిది నడుస్తున్నవాళ్లు ఈ రాత్రి జాబు సిస్‌ప్రింట్ తెరిచి 411డబ్ల్యూ అని ఫైండ్ కొట్టండి. అక్కడ ఏ ఫైళ్ల పేర్లు కనిపిస్తే, వాటికి ప్రస్తుతానికి మీ దగ్గర బ్యాకప్ లేదనే లెక్క.